ఖాళీగా ఉండే కంప్యూటర్‌ని జబ్బుల పరిశోధనకి ఇవ్వాలంటే ఫోల్డింగ్ ఎట్ హోమా, రోజెట్టానా, వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్డా? ఏది ఎవరికి సరిపోతుంది

పిల్లాడు గేమ్స్ కోసం మంచి గ్రాఫిక్స్ కార్డు పెట్టించుకున్నాడు, వాడు కాలేజీకి పోయాక ఆ డెస్క్‌టాప్ పగలంతా ఖాళీ. లేకపోతే కొత్తది కొన్నాక అల్మరాలో పడేసిన పాత లాప్‌టాప్ ఒకటుంది. దాన్ని క్యాన్సర్, అల్జీమర్స్, టీబీ లాంటి జబ్బుల పరిశోధనకి వాడుకోనివ్వచ్చని ఎవరో చెప్పారు, మీరు వెతికితే నాలుగైదు పేర్లు కనిపించాయి, అన్నీ ఒకేలా అనిపించాయి, అక్కడే ఆగిపోయారు. ఈ పోస్టు మీకోసమే.

మాది ఖమ్మం. కొన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నా. మొదలుపెట్టింది మా మేనమామకి టీబీ వచ్చినప్పుడు, ఆరు నెలలు మందులు మింగడానికి ఆయన పడ్డ అవస్థ దగ్గరుండి చూశాక. అప్పుడు వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్‌లో టీబీ మీద ఒక ప్రాజెక్టు నడుస్తోంది, ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ యూనివర్సిటీ వాళ్ళది, టీబీ సూక్ష్మజీవి చుట్టూ ఉండే మైనంలాంటి పొర ఎలా ఉంటుంది, మందు దాన్ని దాటి లోపలికి ఎందుకు పోలేకపోతోంది అని చూసేవాళ్ళు. ప్రపంచం మొత్తం టీబీ కేసుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నాయి కదా, అందుకని ఇంకేం ఆలోచించకుండా అందులో చేరిపోయా. తర్వాత మిగతావీ వాడాను. ఇప్పుడు ఎవరైనా అడిగితే జబ్బు పేరు చూసి ఎంచుకోవద్దనే చెప్తాను, ముందు మీ మిషన్ ఏంటో, రోజుకి ఎన్ని గంటలు ఆన్‌లో ఉంటుందో, కరెంటు సంగతేంటో చూసుకోండి. ఎందుకో కింద చెప్తా.

## అసలు ఆ కంప్యూటర్ చేసే పనేంటి

ప్రాజెక్టు వాళ్ళ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంటే నెట్ ద్వారా మీకు కొన్ని లెక్కలు వస్తాయి, ఖాళీగా ఉన్న కంప్యూటర్ అవి చేసి తిరిగి పంపుతుంది. ఆ లెక్కల్లో చాలావరకు ప్రోటీన్ల గురించే. ప్రోటీన్ అంటే పొడుగాటి గొలుసు అనుకోండి. కణంలో తయారైన వెంటనే అది ఒక పద్ధతిలో ముడుచుకుంటుంది, ఆ ఆకారం కుదిరితేనే దాని పని అది చేస్తుంది. ముడత తప్పితే జబ్బు, అల్జీమర్స్‌లో మెదడులో పేరుకునే అమిలాయిడ్ బీటా ఆ కోవకే చెందుతుంది. ఆ గొలుసు ఏ కోణాల్లో వంగగలదు, ఏ కోణాల్లో వంగలేదు అని 1963లో మద్రాసు యూనివర్సిటీలో జి.ఎన్. రామచంద్రన్ గారి బృందం గీసిన పటాన్ని ఈరోజుకీ ప్రపంచమంతా రామచంద్రన్ ప్లాట్ అనే పిలుస్తారు. ఈ రంగం పునాదిలో మనవాళ్ళ పని ఉంది, అది నాకు చాలా గర్వంగా అనిపిస్తుంది.

ఇక్కడ చాలామంది అడిగే మాట ఒకటుంది, ప్రోటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఆల్ఫాఫోల్డ్ అనే ఏఐ వచ్చేసింది కదా, 2022 జులైలో 20 కోట్లకి పైగా ప్రోటీన్ల ఆకారాలు ఫ్రీగా పెట్టేశారు కదా, ఇంకా మన కంప్యూటర్లెందుకు అని. న్యాయమైన ప్రశ్నే. ఆల్ఫాఫోల్డ్ ఇచ్చేది ఫోటో. ప్రోటీన్ మాత్రం ఫోటోలోలా కదలకుండా కూర్చోదు, అటూ ఇటూ కదులుతుంది, ఒక్కో క్షణం లోపల చిన్న గుంట తెరుచుకుని మళ్ళీ మూసుకుంటుంది, మందు పట్టుకోగలిగే చోటు కొన్నిసార్లు ఆ గుంటే. దాన్ని చూడాలంటే వీడియో కావాలి, వీడియో అంటే అణువు అణువునీ, సెకనులో కోటి కోట్ల వంతు కూడా లేని చిన్న చిన్న అడుగుల్లో లెక్కపెట్టడం. ఎబోలా వైరస్‌లోని వీపీ35 అనే ప్రోటీన్‌లో అలా దాగున్న గుంటని ఫోల్డింగ్ ఎట్ హోమ్ లెక్కలతోనే పట్టుకున్నారు. కాబట్టి పని అయిపోలేదు. కొన్ని ప్రాజెక్టుల్లో తగ్గింది, అది కూడా దాచకుండా చెప్తాను.

## ఎంచుకునే ముందు చూడాల్సినవి

గొలుసు పనా, విడి పనా. నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే, కానీ దీని గురించి మాట్లాడేవాళ్ళు తక్కువ.

ఇంటికి స్లాబ్ వేసేటప్పుడు చూసే ఉంటారు, కింద నుంచి పైదాకా మనుషులు వరసగా నిలబడి కాంక్రీటు తట్టలు చేతికి చేతికి అందించుకుంటారు. మధ్యలో ఒకడు ఫోన్ మాట్లాడుతూ నిలబడ్డాడంటే ఆ వరస మొత్తం ఆగిపోతుంది. ఫోల్డింగ్ ఎట్ హోమ్ అలాంటిది. ఒక సిమ్యులేషన్‌ని, అంటే పైన చెప్పిన వీడియో లాంటి లెక్కని, ముక్కలు చేసి ఒక ముక్క మీకిస్తారు, మీరు పూర్తి చేసి పంపితేనే దాని తర్వాతి ముక్క తయారవుతుంది. మీరు రెండు రోజులు కూర్చోబెట్టారంటే ఆ గొలుసు రెండు రోజులు ఆగినట్టే. అలాంటి గొలుసులు వేలల్లో నడుస్తుంటాయి కాబట్టి ప్రపంచం ఆగిపోదు గానీ మీ చేతిలో ఉన్నది మాత్రం ఆగుతుంది. అందుకే వాళ్ళు త్వరగా పంపినవాళ్ళకి బోనస్ పాయింట్లు ఇస్తారు, గడువు దాటితే అదే ముక్కని ఇంకొకరికి ఇచ్చేస్తారు.

వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్, రోజెట్టా, సైడాక్ (ఇదీ ఇలాంటి ప్రాజెక్టే, కింద చెప్తా) లాంటివి వేరుశనక్కాయలు ఒలవడం లాంటివి. అందరూ చుట్టూ కూర్చుంటారు, ఎవరి కుప్ప వాళ్ళది, మీరు నెమ్మదిగా ఒలిచినా పక్కవాడి చెయ్యి ఆగదు. గడువు ఉంటుంది, కానీ రోజుల లెక్కలో ఉంటుంది.

ఇది అర్థమైతే సగం నిర్ణయం అయిపోయినట్టే. మిషన్ స్పీడుగా ఉండి గంటల తరబడి ఆన్‌లో ఉంటే గొలుసు పని, నెమ్మదిగా ఉండి అప్పుడప్పుడూ మాత్రమే ఆన్ చేస్తే విడి పని.

కరెంటు. ఇది ఉచితం కాదు, ముందే తెలుసుకోండి. ఖాళీ కంప్యూటర్ తక్కువ కరెంటు తింటుంది, లెక్కలు పెడితే ఎక్కువ తింటుంది, ఆ తేడా మీ జేబులోంచే. లెక్క సులువే. లాప్‌టాప్ అదనంగా 30 వాట్లు తింటే, రోజుకి 8 గంటల చొప్పున నెలకి 7 యూనిట్ల పైచిలుకు. డెస్క్‌టాప్ ప్రాసెసర్ అదనంగా 70 వాట్లనుకుంటే దాదాపు 17 యూనిట్లు. గ్రాఫిక్స్ కార్డుతో కలిపి మిషన్ మొత్తం 250 వాట్లు లాగుతుంటే రోజుకి 8 గంటలకి నెలకి 60 యూనిట్లు, అదే 24 గంటలూ వదిలేస్తే 180.

ఆ 60 యూనిట్లు విడిగా చూస్తే పెద్దగా అనిపించదు, కానీ మన దగ్గర బిల్లు స్లాబుల్లో ఉంటుంది కాబట్టి పైన కలిసే యూనిట్లు ఖరీదైన స్లాబులో పడతాయి. తెలంగాణలో రేషన్ కార్డు మీద గృహజ్యోతి కింద 200 యూనిట్ల లోపు సున్నా బిల్లు వస్తున్నవాళ్ళు ఇంకా జాగ్రత్త, ఇప్పటికే 160, 170 వాడుతున్న ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు నడిపితే గీత దాటిపోతారు, ఆ నెల బిల్లు మొత్తం కట్టాలి. అలాంటి ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు ముట్టుకోకండి, లాప్‌టాప్‌తో ఏడు యూనిట్ల పని చేసినా అది పనే. మేడ మీద సోలార్ ఉన్నవాళ్ళకి మాత్రం పొద్దున 10 నుంచి సాయంత్రం 4 దాకా నడుపుకోవడం చాలా బాగుంటుంది.

వేడి. ఏప్రిల్, మే నెలల్లో మా ఖమ్మంలో గది లోపలే నలభై దగ్గరికి పోతుంది. ఆ వేడిలో మిషన్‌ని పూర్తి స్పీడులో పెట్టడం తప్పు. నేను ఆ తప్పు చేశాను, మంచం మీద దుప్పటి పైన లాప్‌టాప్ పెట్టి రాత్రంతా నూటికి నూరు శాతం నడిపా, నెల తిరక్కుండా బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్ పైకి లేచింది. బ్యాటరీ ఉబ్బితే అగ్గి ప్రమాదం కూడా ఉంది, తేలిగ్గా తీసుకోకండి. అప్పట్నుంచి ఎండాకాలం రెండు నెలలు పూర్తిగా ఆపేస్తాను. న్యూజెర్సీలో ఉండే మా కజిన్‌ది దీనికి పూర్తిగా రివర్స్, చలికాలంలోనే నడుపుతాడు, ఎలాగూ గదికి వేడి కావాలి కదా అంటాడు, అది కరెక్టే.

పని దొరుకుతుందా. కొన్ని ప్రాజెక్టుల్లో మీ కంప్యూటర్ రెడీగా ఉన్నా సర్వర్ దగ్గర పని ఉండదు. ఇది చూసి చాలామంది ఏదో పాడైందనుకుని తీసేస్తారు.

## ఒక్కొక్కటీ చూద్దాం

### ఫోల్డింగ్ ఎట్ హోమ్

2000 అక్టోబరులో స్టాన్‌ఫర్డ్‌లో విజయ్ పాండే మొదలుపెట్టారు, ఇప్పుడు పెన్సిల్వేనియా యూనివర్సిటీలో గ్రెగ్ బోమన్ నడిపిస్తున్నారు. 2020లో కరోనా మొదలైనప్పుడు ఇళ్ళలో కూర్చున్న జనం లక్షల్లో వచ్చి చేరారు, అందరి మిషన్లూ కలిపితే ఒక ఎక్సాఫ్లాప్ దాటింది, అంటే సెకనుకి ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలన్ని లెక్కలు, అంతకుముందు ఏ సూపర్ కంప్యూటరూ ఆ గీత దాటలేదు. ఎంతమంది వచ్చారంటే సర్వర్ల దగ్గర పంచడానికి పని చాల్లేదు కొన్నాళ్ళు. ఆ లెక్కలతో కరోనా వైరస్ పైన ముల్లులా ఉండే స్పైక్ ప్రోటీన్ ఎలా తెరుచుకుంటుందో చూశారు, మొత్తం కలిపి 0.1 సెకను సిమ్యులేషన్. పదో వంతు సెకనేనా అనకండి, అణువుల లెక్కలో అది మహా ఎక్కువ.

ప్లస్సులు చాలానే ఉన్నాయి. ఎన్‌విడియా, ఏఎమ్‌డీ గ్రాఫిక్స్ కార్డులు రెండూ వాడుతుంది. పేరు చెప్పకుండా కూడా చేరచ్చు, ఈమెయిల్ అక్కర్లేదు. క్యాన్సర్, అల్జీమర్స్, పార్కిన్సన్స్ లాంటివి ఎంచుకునే ఆప్షన్ ఉంది, నా సలహా అయితే "ఏదైనా సరే" అని పెట్టేయండి, ఏది అర్జెంటో వాళ్ళకే బాగా తెలుసు. మామూలు రోజుల్లో పని దొరకదనే బాధ తక్కువ.

మైనస్ అంటే పైన చెప్పిన గొలుసు. పాత డ్యూయల్ కోర్ లాప్‌టాప్‌లో పెట్టి రోజుకి గంట నడిపితే గడువులోపు పూర్తి కాదు, మీ కరెంటూ వేస్టు, ఆ ముక్కా ఆలస్యం. మ్యాక్ ఉన్నవాళ్ళకి ప్రాసెసర్ మాత్రమే పనిచేస్తుంది, గ్రాఫిక్స్ వాడుకోదు. ఇంకొకటి, బోనస్ పాయింట్లు రావాలంటే వాళ్ళిచ్చే పాస్‌కీ అనే కోడ్ తీసుకోవాలి, దాంతో 10 ముక్కలు పూర్తి చెయ్యాలి, తీసుకున్నవాటిలో కనీసం 80 శాతం గడువులో పంపాలి. పాయింట్లు రూపాయలు కావనుకోండి, కానీ ఆ 80 శాతం రూలు వెనక ఉన్న ఉద్దేశం మంచిది, తీసుకున్న పని పూర్తి చెయ్యమని.

### వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్

2004 నవంబరులో ఐబీఎమ్ మొదలుపెట్టింది, 2021లో కెనడాలోని టొరంటోలో ఉన్న క్రెంబిల్ పరిశోధన సంస్థకి అప్పగించింది. ఇది ఒకే ల్యాబ్‌ది కాదు, వేర్వేరు శాస్త్రవేత్తల ప్రాజెక్టులకి ఒక గొడుగు లాంటిది. ఇందులో ఏళ్ళుగా నడుస్తున్నది మ్యాపింగ్ క్యాన్సర్ మార్కర్స్, 2013లో మొదలైంది, ఊపిరితిత్తులు, అండాశయం లాంటి క్యాన్సర్లని ముందే పట్టుకోవడానికి ఏ జన్యువుల కలయిక గుర్తుగా పనికొస్తుందో వెతుకుతారు. ఇది ప్రోటీన్ ఫోల్డింగ్ కాదు, గమనించండి, జబ్బు పరిశోధనే కానీ దారి వేరు. పిల్లల్లో వచ్చే న్యూరోబ్లాస్టోమా అనే క్యాన్సర్‌కి మందుగా పనికొచ్చే అవకాశమున్న పదార్థాలు కొన్ని 2014లో బయటపడ్డాయి, అది ఇక్కడి పనే.

దీని గొప్పతనం ఏంటంటే మామూలు మిషన్ చాలు. పనులు చిన్నవి, కొన్ని గంటల్లో అయిపోతాయి, గడువు రోజుల్లో ఉంటుంది. బోయింక్ అనే సాఫ్ట్‌వేర్‌తో నడుస్తుంది, అది బర్కిలీలో పుట్టింది, దాంట్లో ప్రాసెసర్‌లో ఎన్ని కోర్లు (లెక్కలు చేసే భాగాలు) వాడాలి, ఎంత శాతం వాడాలి, ఏ గంటల్లో వాడాలి, మీరు పని చేసుకుంటుంటే ఆగాలా, బ్యాటరీ మీద ఉంటే ఆగాలా, అన్నీ మీ చేతిలోనే. సోలార్ వాళ్ళకి ఆ గంటల సెట్టింగ్ ఒక్కటి చాలు. కరెంటు పోయినా మధ్యమధ్యలో సేవ్ అవుతుంది కాబట్టి మొత్తం పోదు.

బాధ ఏంటంటే నిలకడ. చేతులు మారే సమయంలో, 2022లో, నెలల తరబడి పని ఆగిపోయింది. అందుకే ఇది పెట్టుకున్నవాళ్ళు పక్కన ఇంకో ప్రాజెక్టు కూడా జత చేసుకోండి, బోయింక్‌లో ఎన్నైనా పెట్టుకోవచ్చు.

### రోజెట్టా ఎట్ హోమ్

వాషింగ్టన్ యూనివర్సిటీలో డేవిడ్ బేకర్ ల్యాబ్, 2005. 2024లో కెమిస్ట్రీ నోబెల్‌లో సగం ఆయనకే వచ్చింది, కొత్త ప్రోటీన్లు డిజైన్ చేసినందుకు, మిగతా సగం ఆల్ఫాఫోల్డ్ వాళ్ళిద్దరికి. ఆ పేరు చూసి చాలామంది ముందు దీని దగ్గరికే పోతారు. నేను వద్దనను, కానీ రెండు సంగతులు తెలుసుకుని వెళ్ళండి. ఒకటి, మెమరీ (ర్యామ్) ఎక్కువ కావాలి, ఒక్కో పనికి ఒక జీబీ, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పోతుంది, 4 జీబీ లాప్‌టాప్‌లో నాలుగు కోర్లూ పెడితే మిషన్ బిగుసుకుపోతుంది. రెండు, ఆ ల్యాబ్ ఇప్పుడు డీప్ లెర్నింగ్ అనే ఏఐ పద్ధతి వైపు ఎక్కువగా వెళ్ళింది, వాళ్ళ దగ్గరే పెద్ద గ్రాఫిక్స్ మిషన్లతో చేస్తున్నారు, కాబట్టి మన ఇళ్ళకి వచ్చే పని ఉన్నప్పుడు ఉంటుంది, లేనప్పుడు రోజుల తరబడి ఉండదు. గ్రాఫిక్స్ కార్డు వాడదు, ప్రాసెసర్ మాత్రమే. రెండో ప్రాజెక్టుగా పెట్టుకోవడానికి చాలా మంచిది, ఒక్కదాని మీదే ఆధారపడితే నిరుత్సాహపడతారు.

### మిగతావి

సైడాక్ ఎట్ హోమ్ స్లోవేనియా వాళ్ళది, కరోనా సమయంలో 2020 చివర్లో మొదలైంది, మందు అణువు ప్రోటీన్ గుంటలో ఎంత బాగా కూర్చుంటుందో లెక్కపెడుతుంది. ప్రాసెసర్ చాలు, బోయింక్‌లోనే దొరుకుతుంది. జీపీయూగ్రిడ్ బార్సిలోనాది, ప్రధానంగా ఎన్‌విడియా కార్డుల కోసం, పని విడతలు విడతలుగా వస్తుంది. ఇవేవీ తేల్చుకోలేకపోతే సైన్స్ యునైటెడ్ అని బోయింక్ వాళ్ళదే ఒకటుంది, అందులో "జీవశాస్త్రం, వైద్యం" అని టిక్ పెడితే ఏ ప్రాజెక్టులో పని ఉంటే అక్కడికి అదే పంపేస్తుంది. మొదటిసారి చేసేవాళ్ళకి, రోజూ చూసుకునే ఓపిక లేనివాళ్ళకి నేను దీన్నే పెట్టిస్తాను.

## ఒకేచోట

| చూడాల్సింది | ఫోల్డింగ్ ఎట్ హోమ్ | వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్ | రోజెట్టా ఎట్ హోమ్ |
|---|---|---|---|
| పని తీరు | గొలుసు, తొందరగా పంపాలి | విడి పని | విడి పని |
| ఏ మిషన్ | గ్రాఫిక్స్ కార్డు ఉంటే బెస్ట్ | ఏ లాప్‌టాప్ అయినా | మెమరీ బాగా ఉన్న మిషన్ |
| గంటలు | రోజుకి కనీసం 6, 8 వరసగా | అప్పుడప్పుడైనా పర్లేదు | మధ్యస్తం |
| కరెంటు | కార్డుతో అయితే ఎక్కువ | తక్కువ, మీరు తగ్గించుకోవచ్చు | తక్కువ నుంచి మధ్యస్తం |
| పని దొరకడం | బాగానే | ఆగుతూ సాగుతూ | ఉన్నప్పుడు ఉంటుంది |
| అకౌంట్ | లేకుండా కూడా | కావాలి | కావాలి |

ఆ గంటల లెక్క నా అనుభవంలోంచి వేసింది, వాళ్ళ రూలు కాదు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

గేమింగ్ డెస్క్‌టాప్ ఉండి, బిల్లు భరించగలిగితే ఫోల్డింగ్ ఎట్ హోమ్, రెండో ఆలోచన వద్దు. కార్డు పవర్ లిమిట్‌ని 70, 75 శాతానికి తగ్గించండి, స్పీడు కొంచెమే తగ్గుతుంది, వేడి బాగా తగ్గుతుంది.

మామూలు లాప్‌టాప్ అయితే బోయింక్, వరల్డ్ కమ్యూనిటీ గ్రిడ్, తోడుగా సైడాక్. కోర్లు సగమే ఇవ్వండి, బ్యాటరీ మీద ఉంటే ఆగేలా పెట్టండి, బల్ల మీద పెట్టండి, కింద గాలి ఆడాలి.

పాత ఆండ్రాయిడ్ ఫోన్ మాత్రమే ఉన్నవాళ్ళు కూడా బోయింక్ పెట్టుకోవచ్చు. ఛార్జింగ్‌లో ఉండి, బ్యాటరీ 90 శాతం పైన ఉండి, వైఫై ఉంటేనే పని చేస్తుంది, అది మొదటినుంచీ ఉన్న సెట్టింగ్, మార్చకండి. ఫోన్ వేడెక్కుతుంటే కవర్ తీసేయండి, చిన్న పిల్లలు పడుకునే చోట రాత్రంతా వదిలేయద్దు.

ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబుల్లో నలభై, యాభై మిషన్లు సాయంత్రం అయిదు తర్వాత ఊరికే ఉంటాయి, స్టూడెంట్స్‌కి నేను చెప్పేది ఒకటే, హెచ్‌ఓడీ సార్ దగ్గర రాతపూర్వకంగా పర్మిషన్ తీసుకుని బోయింక్ పెట్టండి. పర్మిషన్ లేకుండా మాత్రం వద్దు. ఆఫీసు లాప్‌టాప్‌లో అయితే అడగడం కూడా అనవసరం, కంపెనీ మిషన్ మీద ఇలాంటివి పెట్టి ఉద్యోగం మీదకి తెచ్చుకోకండి.

దీనికోసమే కొత్త మిషన్ కొందామనుకునేవాళ్ళు కూడా కొంతమంది ఉన్నారు, వాళ్ళ మంచి మనసుకి దండం, కానీ కొనకండి. ఆ డబ్బు నేరుగా ఒక క్యాన్సర్ హాస్పిటల్‌కో, మీ ఊళ్ళో టీబీ మందులు వాడుతున్న ఇంటికి గుడ్లు, పప్పుల కోసమో ఇస్తే ఇంకా ఎక్కువ పని జరుగుతుంది. ఇది ఆల్రెడీ ఉన్న మిషన్‌కి సరిపోయే సాయం.

## పెట్టేరోజు

సాఫ్ట్‌వేర్ ఆయా ప్రాజెక్టుల సొంత సైటు నుంచి మాత్రమే దించుకోండి, ఎవరో వాట్సాప్‌లో పంపిన ఫైలు వద్దు. దీంతో నెలకి ఇంత సంపాదించచ్చు అని ఎవరైనా లింకు పంపితే అది ఇది కాదు. ఇన్‌స్టాల్ చేసిన రోజు కరెంటు మీటరు రీడింగు ఫోటో తీసుకోండి, వారం తర్వాత మళ్ళీ తీయండి, మామూలు వారానికీ దీనికీ తేడా చూస్తే మీ ఇంటి అసలు లెక్క తెలుస్తుంది. మొదటి వారం సగం స్పీడులోనే నడపండి, టెంపరేచర్ చూసే యాప్ ఒకటి పెట్టుకుని ప్రాసెసర్ 80 డిగ్రీలు దాటుతుంటే ఇంకా తగ్గించండి.

ఊరికి వెళ్ళాలి, మిషన్ ఆపాలి అనుకోండి, ఫోల్డింగ్ ఎట్ హోమ్‌లో "ఫినిష్" అనే బటన్ ఉంది, ముందురోజు రాత్రే అది నొక్కండి, చేతిలో ఉన్న ముక్క పూర్తి చేసి పంపేసి కొత్తది తీసుకోకుండా ఆగుతుంది. బోయింక్‌లో అయితే ప్రాజెక్టు మీద "కొత్త పనులు వద్దు" అని పెట్టాలి, ఉన్నవి అయిపోయాక ఆఫ్ చేసుకోవచ్చు. దసరాకి, సంక్రాంతికి ఊరెళ్ళే ముందు నేను గ్యాసు కట్టేసి, మోటారు స్విచ్ చూసి, ఇది కూడా చూసుకునే తాళం వేస్తాను.